బురదకు గాలి మోసే మొక్క

(రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం. మాట తడబడిన చోట్ల మాత్రమే సరిచేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

మొదలుపెట్టేముందు ఒక సంగతి. తామర మీద ప్రసంగం అని కబురు వెళ్ళగానే ఒకాయన ఫోన్ చేసి, "డాక్టరుగారు మందు కూడా రాసిస్తారా?" అని అడిగారట. రాసివ్వనండి. నేను జీవితమంతా వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకున్నవాణ్ణి. చర్మం జోలికి పోను. కాకపోతే ఆయన్ని చూసి నవ్వక్కర్లేదు. ఆ తామర గుండ్రంగా మచ్చ వేసి, పక్కపక్కకి పాకుతుంది. ఈ తామర గుండ్రటి ఆకులు వేసి చెరువంతా పాకుతుంది. పిల్లాజెల్లా బాగా పెరిగిన ఇంటిని చూసి "తామరతంపరగా వర్ధిల్లారు" అంటాం. ఆ మాట పుట్టించినవాడు తామర చెరువు గట్టు మీద కనీసం రెండు మూడేళ్ళు కూర్చుని చూసి ఉంటాడు. మొదటి ఏడు ఓ మూల నాలుగు ఆకులు. మూడో ఏటికి నీళ్ళు కనపడవు.

ఈ బల్ల మీద కొన్ని పెట్టాను. కాడతో సహా కోసిన ఆకు ఒకటి. దుంప ముక్క ఒకటి. ఎండిన దుద్దు ఒకటి. ఆ చివర గాజు గ్లాసులో నీళ్ళు, అడుగున ఒక గింజ. గ్లాసు సంగతి ఆఖర్న చెప్తాను. అందాకా దాన్ని ఎవరూ కదపొద్దు. ముందు వరుసలో కూర్చున్న చిన్నవాళ్ళూ, మిమ్మల్నే.

ఇప్పుడు పేర్లు చూద్దాం. జలజం, నీరజం, వారిజం, అంబుజం, సరోజం. మన ఇళ్ళల్లో ఆడపిల్లల పేర్లన్నీ ఇవే కదా. అన్నిటికీ అర్థం దాదాపు ఒకటే. నీళ్ళలో పుట్టింది, కొలనులో పుట్టింది. బాగుంది. కానీ నీళ్ళలో పుట్టేవి ఎన్ని లేవు? నాచు నీళ్ళలోనే పుడుతుంది. అంతరతామర నీళ్ళలోనే పుడుతుంది. వీటన్నిటి మధ్య ఒక్క పేరు వేరుగా నిలబడింది. పంకజం. పంకం అంటే బురద. మిగతావాళ్ళు గట్టు మీద నించుని పేరు పెట్టారు. పంకజం అన్నవాడు మాత్రం చెరువులోకి దిగాడు. మోకాలి దాకా దిగబడ్డాడు. లేకపోతే ఆ మాట రాదు.

మరి ఆ పేరు మీద మనం చెప్పుకునే వ్యాఖ్యానం ఏమిటి? బురదలో పుట్టినా బురద అంటదు. నీళ్ళలో ఉన్నా నీళ్ళు అంటవు. తామరాకు మీద నీటిబొట్టులా బతకాలి. అంతేగా? ఏ సభలో చూసినా ఇదే మాట. నేను ఆ మాటతో పేచీ పెట్టుకోవడానికే ఇవాళ వచ్చాను. సంసారం, వైరాగ్యం మీ ఇష్టం, నాకు దాంతో గొడవ లేదు. మొక్క తరఫున మాత్రం మాట్లాడతాను. తామర బురదని అంటకుండా బతకదు. సగం మొక్క బురదలోనే ఉంది. పైనున్న సగం రోజంతా చేసే పనిలో పెద్ద భాగం ఆ బురదలోని సగాన్ని బతికించుకోవడమే. మనం మెచ్చుకునే అందాలు చాలా వరకు ఆ పనికోసం వచ్చినవే.

అన్నట్టు, కలువ వేరు, తామర వేరు. ఇది చెప్పకుండా ముందుకు వెళ్తే మధ్యలో ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. కలువాకు నీటి మీద పడుకుని ఉంటుంది, కాడ దగ్గరికి ఒక చీలిక ఉంటుంది. తామరాకుకి చీలిక ఉండదు. నిండు గుండ్రం, సరిగ్గా నడుమ కాడ. గొడుగు పట్టినట్టు. మొదట వచ్చే లేత ఆకులు నీటి మీద తేలతాయి, ఆ తర్వాతవి నీటిని వదిలేసి పైకి లేస్తాయి, మనిషి నడుము ఎత్తుకి కూడా. పువ్వు నడుమ చూడండి. తామరకి గిన్నెలాంటి దుద్దు ఉంటుంది, కలువకి ఉండదు. ఇక కలువ చంద్రుడికీ తామర సూర్యుడికీ చుట్టాలని మన కవులు చెప్పుకొచ్చారు. అందులో ఊహ ఎంత ఉన్నా పరిశీలనా ఉంది. తెల్ల కలువల్లో, ఎర్ర కలువల్లో రాత్రి విచ్చుకుని పొద్దెక్కాక ముడుచుకునే జాతులు నిజంగానే ఉన్నాయి. నీలి కలువ మాత్రం పగలే పూస్తుంది, కవులకి కాస్త ఇబ్బంది.

ఒకప్పుడు శాస్త్రజ్ఞులు కూడా ఈ రెంటినీ ఒకే కుటుంబంలో వేశారు. 1990లలో జన్యువులు పోల్చి చూశాక తెలిసిందేమిటంటే, తామరకి కలువ చుట్టమే కాదు. మరి దగ్గర బంధువు ఎవరు? ఊహించండి. కశ్మీరులో ఎర్రగా మారే చినారు చెట్టు! పెద్ద మాను. చినారు, మకడామియా అనే గింజల చెట్టు, తామర, ఈ మూడూ ఒకే గోత్రం. కలువా తామరా పోలికలన్నీ ఒకే రకం చెరువులో ఒకే రకం కష్టం పడ్డందువల్ల వచ్చినవి. ఇప్పుడు తామర కుటుంబంలో మిగిలింది ఒకే ప్రజాతి, అందులో రెండే జాతులు. ఆసియాలోనూ ఉత్తర ఆస్ట్రేలియాలోనూ పెరిగే మన గులాబి, తెలుపు తామర ఒకటి. ఉత్తర అమెరికాలో పసుపుపచ్చ తామర ఒకటి. మన తామర పడమరగా రష్యాలో వోల్గా నది సముద్రంలో కలిసే చోటు దాకా ఉంది. అక్కడ చలికాలం నీళ్ళు గడ్డకడతాయి. అడుగు బురదలో దుంప మాత్రం బతికే ఉంటుంది.

ఇప్పుడు బురదలోకి దిగుదాం.

చెరువు అడుగున చెయ్యిపెట్టి ఒక పిడికెడు బురద తీస్తే ఎలా ఉంటుంది? పైపొర గోధుమరంగు, కింద నల్లగా ఉంటుంది. వాసన? కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఆ నలుపూ ఆ వాసనా రెండూ ఒకే విషయం చెప్తాయి. అక్కడ ఆక్సిజన్ లేదు. నీళ్ళలో ఆక్సిజన్ విస్తరించే వేగం గాలిలోకన్నా దాదాపు పది వేల రెట్లు తక్కువ. పైనుంచి వచ్చే ఆ కాస్తనీ పైపొరలో సూక్ష్మజీవులే తినేస్తాయి. కిందున్న బాక్టీరియా ఆక్సిజన్ లేకుండా బతకడం నేర్చుకుని, సల్ఫేటు వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడు వదులుతుంది. అదే ఆ వాసన. అది ఇనుముతో కలిస్తే నలుపు.

అలాంటి చోట వేరు ఎలా బతుకుతుంది? వేరు కూడా ఊపిరి పీల్చాలండీ. మనం ఆ మాట మర్చిపోతాం. ఆకు మాత్రమే గాలితో పని చేస్తుందనుకుంటాం. కుండీలో మొక్కకి ప్రేమగా రోజూ నాలుగు చెంబులు పోసి చంపేసినవాళ్ళు ఈ సభలో ఎంతమంది ఉన్నారు? చెయ్యెత్తనక్కర్లేదు, నేనూ ఉన్నాను. ఆ మొక్క నీళ్ళు ఎక్కువై చచ్చిందంటాం. నిజానికి ఊపిరాడక చచ్చింది. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన సందుల్లో నీళ్ళు నిండిపోయాయి.

తామరకి ఆ సందులు మట్టిలో దొరకవు. అందుకని తన ఒంట్లోనే పెట్టుకుంది. ఇదిగో ఈ దుంప ముక్క చూడండి. మనం దుంప అంటాం కానీ ఇది కాండమే, పసుపు కొమ్ములాగా అడ్డంగా పాకే కాండం. అడ్డంగా కోశాను. వెనకవాళ్ళకి కనపడుతోందా? గుండ్రటి పెద్ద కంతలు, చక్రం ఆకుల్లాగా చుట్టూతా. ఇవి తెంపులేకుండా సాగే గొట్టాలు. కాడ కోసి చూసినా అంతే, లోపల గొట్టాలు.

కాడ విరుస్తున్నాను చూడండి. విరిగింది కదా? రెండు ముక్కలూ మెల్లగా ఎడంగా లాగుతున్నాను. ఏమైంది? మధ్యలో సాలెపట్టులాగా దారాలు. జానెడు దూరం వచ్చినా తెగలేదు. ఈ తూటి దారాలు ఏమిటంటే, నీళ్ళు పైకి తీసుకెళ్ళే నాళాల గోడల్లో చుట్టలు చుట్టలుగా ఉండే దళసరి పోగులు. స్ప్రింగులా చుట్టుకుని ఉంటాయి. నాళం విరిగినా స్ప్రింగు సాగుతుంది. ఈ దారాలు నీటి దారి. ఆ కంతలు గాలి దారి. రెండూ పక్కపక్కనే, కలవకుండా.

సరే, గొట్టం ఉంది. గొట్టం ఉన్నంత మాత్రాన గాలి కదులుతుందా? ఒక పొడుగాటి పైపు చెరువులో నిలబెట్టండి. గాలి దానంతట అది అడుగుకి వెళ్ళి తిరిగి వస్తుందా? ఎవరో ఒకరు ఊదాలి. ఇక్కడ ఊదేది ఎవరు?

ఎండ ఊదుతుంది. నేను అతిశయోక్తి చెప్పడం లేదు. ఎలాగో కొంచెం ఓపిక పట్టండి. ఆకు లోపల తడి ఉంటుంది. ఎండకి ఆ తడి ఆవిరవుతూ లోపలి గాలిలో కలుస్తుంది. ఆవిరి చోటు ఆక్రమించుకున్నకొద్దీ లోపల ఆక్సిజన్, నైట్రోజన్ పాలు బయటికన్నా తగ్గుతుంది. కాబట్టి బయటి గాలి సన్నటి రంధ్రాల గుండా లోపలికి చొరబడుతూనే ఉంటుంది. ఆవిరి పుడుతూనే ఉంటుంది, గాలి వస్తూనే ఉంటుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. మరి ఆ ఒత్తిడికి వచ్చిన దారినే గాలి వెనక్కి పోవచ్చు కదా? పోలేదు, ఎందుకంటే లోపలి సందులు అంత సన్నం. ఒక్కో అణువు దూరగలదు, గాలి మొత్తం ప్రవాహంలా వెనక్కి రాలేదు. అందుకని తేలికైన దారి వెతుక్కుంటుంది. కాడలోని గొట్టం. అక్కణ్ణించి దుంపలోకి. దుంప లోంచి మళ్ళీ వేరే గొట్టాల గుండా పైకి. కదిలే భాగం ఒక్కటీ లేదు. మోటారు లేదు, కవాటం లేదు. ఒత్తిడి తేడా కూడా చాలా స్వల్పం. అయినా గాలి ఆగదు.

పసుపుపచ్చ నీటి కలువలో ఈ సంగతి జాన్ డేసీ అనే ఆయన 1980లో కొలిచి చూపించాడు. లేత ఆకుల్లో ఒత్తిడి పుట్టి గాలిని కిందికి తోస్తుంది, ముదురు ఆకుల గుండా అది బయటికి పోతుంది. ఒక్క మొక్క లోపలికి రోజుకి 22 లీటర్ల దాకా గాలి వెళ్ళడం ఆయన చూశాడు. 'లోపలి గాలులు' అని పేరు పెట్టాడు. ఎంత మంచి పేరు! తామరలో ఇంకో తమాషా ఉంది. ఇక్కడ గాలి లోపలికి వచ్చేదీ, తిరిగి బయటికి పోయేదీ ఒకే ఆకులో, వేరువేరు చోట్ల.

ఇప్పుడు ఆకు ఎత్తి చూపిస్తాను. నడుమ, కాడ కలిసే చోట, ఒక పాలిపోయిన బొట్టు ఉంది, రూపాయి బిళ్ళంత. కనపడుతోందా? ఆకంతా ముదురు ఆకుపచ్చ, ఇక్కడ మాత్రం లేతగా. ఈ బొట్టు మీద కాసిని నీళ్ళు పోస్తున్నాను. ఇప్పుడు బాబూ, నువ్వు రా. నువ్వే, చారల చొక్కా. ఈ కాడ కింది కొస నోట్లో పెట్టుకుని ఊదు. ముళ్ళుంటాయి జాగ్రత్త, పెదవికి గీసుకుంటాయి, నేను ఈ కొసన గీకేశానులే. ఊదు. ఇంకొంచెం గట్టిగా.

చూశారా? బుడగలు! ఆకు నడిబొట్టులోంచి బుడబుడమని. ఆకుకి చిల్లు లేదు, నేను పొడవలేదు. అక్కడున్న పత్రరంధ్రాల గుండా వస్తోంది. మామూలు పత్రరంధ్రాలకన్నా పెద్దవి, తెరుచుకుంటూ మూసుకుంటూ గాలి పోకని అదుపులో పెడతాయి. ఆకు పళ్ళెం గాలి పీల్చేది, నడిబొట్టు గాలి వదిలేది. కూర్చో నాయనా, బాగా ఊదావు.

ఇది తెలిశాక రెండు సంగతులు అర్థమవుతాయి. తామర కాడ కోసేటప్పుడు నీటి మట్టానికి పైనే కొయ్యాలంటారు తెలిసినవాళ్ళు. నీటి కింద కోస్తే గొట్టంలోకి నీళ్ళు దిగి దుంప కుళ్ళుతుంది. రెండోది, వరదొచ్చి ఆకులన్నీ రోజుల తరబడి మునిగిపోతే తామర చస్తుంది. నీటి మొక్క నీళ్ళలో మునిగి చావడం విడ్డూరంగా లేదూ? విడ్డూరం ఏమీ లేదు, ఊపిరి గొట్టం మునిగింది, అంతే. ఇంకో మాట కూడా చెప్పాలి, తామరని మరీ పొగుడుతున్నాననుకోకుండా. ఆక్సిజన్ దిగే దారే మీథేన్ ఎక్కే దారి. బురదలో పుట్టిన మీథేన్ నీటి మొక్కల గొట్టాల గుండా తేలిగ్గా ఆకాశానికి వెళ్ళిపోతుంది. గొట్టానికి మంచీ చెడూ తెలియదు.

ఇక మన నీటిబొట్టు.

మామూలు మొక్కల్లో పత్రరంధ్రాలు ఎక్కువగా ఆకు అడుగున ఉంటాయి. తామరలో పైవైపునే ఉన్నాయి. అంటే తామర ముఖం పైకి పెట్టి గాలి పీలుస్తోంది. వాన పడితే? పైన నీటి పొర నిలిస్తే ముక్కు మూసేసినట్టే. ఇప్పుడు చెప్పండి, తామరాకు మీద నీటిబొట్టు నిలవకపోవడం వైరాగ్యమా? కాదండీ, ఊపిరి కోసం పాట్లు.

ఎలా నిలవదు? ఆకు మీద చెయ్యి పెడితే నున్నగా ఉన్నట్టే ఉంటుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే నున్నన కాదు, గుట్టలు గుట్టలు. ఒక్కో బుడిపె మిల్లీమీటరులో వందో వంతు. బుడిపె ఒంటినిండా అంతకన్నా ఎంతో చిన్నవైన మైనపు గొట్టాలు, బొచ్చులాగా. బొట్టు ఈ బొచ్చు కొసల మీద కూర్చుంటుంది, కింద అంతా గాలే. ఆకుని తాకేది అతి కొద్ది భాగం. అందుకే పాదరసంలా గుండ్రంగా ఉండి జారిపోతుంది. జారుతూ జారుతూ ఆకు మీద దుమ్ముని తనకి అంటించుకుపోతుంది. జర్మనీలో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1970లలో వేలాది ఆకుల్ని సూక్ష్మదర్శినిలో చూస్తూ ఒక వింత గమనించాడు. నున్నటి ఆకుల్ని చూసేముందు కడగాల్సి వస్తోంది. గరుకు ఆకులు కడక్కుండానే శుభ్రంగా ఉన్నాయి. మనం అనుకునేదేమిటి? నున్నగా ఉంటే మురికి పట్టదు అని. ఇక్కడ తిరగబడింది. 1997లో నాయిన్‌హుయిస్ అనే సహచరుడితో కలిసి ఆ వ్యాసం రాశాడు. ఆ తర్వాత రెండేళ్ళకే ఇళ్ళ గోడలకి వేసే రంగులు ఆ సూత్రం మీద వచ్చాయి.

అలాగని తామరాకు నీటికి ఎప్పుడూ ఓడదని అనుకోకండి. ఇంటికెళ్ళి చూడండి, ఆకుని మరిగే నీళ్ళ ఆవిరి మీద పట్టండి. తడిసిపోతుంది! పైనుంచి పడే బొట్టు బొచ్చు కొసల మీద ఆగుతుంది కానీ, ఆవిరి బొచ్చు సందుల్లోకి దూరి అక్కడే నీరవుతుంది. అప్పుడు ఆ బొట్టు జారదు, పట్టుకుని వేలాడుతుంది. ఆకుని సన్నగా అదిరేట్టు చేస్తే మళ్ళీ పైకి లేచి జారిపోతుందని 2009లో ప్రయోగం చేసి చూపించారు. పొడుగాటి కాడ మీద గాలికి ఊగుతూ ఉండే ఆకుకి ఆ అదురు కొత్త కాదు. వేలితో గట్టిగా రుద్దినా మైనం పోయి ఆ చోట తడి అంటుకుంటుంది. ఇదిగో ఇక్కడ నా వేలిముద్ర ఉంది, దాని మీద బొట్టు పడితే ఎలా పరుచుకుందో చూడండి.

పువ్వు దగ్గరికి వద్దాం. పువ్వు కోసం వచ్చినవాళ్ళు ఇప్పటికే విసుక్కుంటూ ఉంటారు.

చలికాలంలో కాకపోయినా, బాగా చల్లబడిన తెల్లవారుజామున తామర చెరువుకి వెళ్ళండి. అప్పుడప్పుడే రేకులు సడలుతున్న పువ్వు ఒకటి చూసుకుని, లోపలికి మెల్లగా వేలు పెట్టండి. వెచ్చగా ఉంటుంది. మొదటిసారి నేను నా వేలు చల్లగా ఉండబట్టి అలా అనిపించిందనుకున్నాను. కాదు. పువ్వుకి నిజంగానే ఒంట్లో వేడి ఉంది. ఆస్ట్రేలియాలో అడిలైడ్ వృక్షోద్యానంలో రోజర్ సేమూర్, పాల్ షుల్ట్‌జె-మోటెల్ కొలిచి 1996లో ప్రకటించారు. బయట 10 డిగ్రీలున్నా 30 డిగ్రీలున్నా పువ్వు లోపల 30కీ 36కీ మధ్యే. రెండు నుంచి నాలుగు రోజులు అలాగే నిలబెడుతుంది. బయట చలి పెరిగితే పువ్వు ఎక్కువ వేడి పుట్టిస్తుంది, ఎండెక్కితే తగ్గిస్తుంది. అంటే వేడెక్కడం మాత్రమే కాదు, వేడిని సర్దుకోవడం. ఇది పక్షులూ మనమూ చేసే పని. మొక్కల్లో చేసేవి బహు తక్కువ.

వేడి పుట్టేది ఎక్కువగా ఈ దుద్దులో. దాచుకున్న పిండిపదార్థాన్ని మండిస్తుంది. మామూలు కణం ఆ శక్తిని దాచి పనికి వాడుకుంటుంది. ఇక్కడి కణాలు అడ్డదారి పట్టి దాన్ని వేడిగానే వదిలేస్తాయి. ఒక్క పువ్వు ఒక వాట్ దాకా. వినడానికి చిన్నదే. కానీ ఒక పువ్వండీ, ఆకు కూడా కాదు!

ఎందుకింత ఖర్చు? మొదటి రోజు పువ్వు కొంచెమే విచ్చుకుంటుంది. అప్పటికి దుద్దు మీద పుప్పొడి అందుకునే కొసలు, కీలాగ్రాలు, తడిగా సిద్ధంగా ఉంటాయి, కేసరాలు ఇంకా పుప్పొడి విప్పవు. వాసన వస్తుంది, లోపల వెచ్చగా ఉంది. పేడపురుగు జాతివీ, ఇతర చిన్న పెంకుపురుగులూ, ఈగలూ, తేనెటీగలూ దూరతాయి. సాయంత్రానికి రేకులు ముడుచుకుంటాయి. లోపల ఇరుక్కున్న పురుగుకి చలి లేదు, తిండి ఉంది. తమ్మిలో చిక్కిన తుమ్మెద అని కవులు ఊరికే జాలిపడ్డారు, దాని సుఖం దానిది. మర్నాడు రేకులు బాగా విచ్చుకుంటాయి, కేసరాలు పుప్పొడి రాలుస్తాయి, పురుగు ఒళ్ళంతా పూసుకుని ఇంకో మొదటి రోజు పువ్వుకి పోతుంది. ఈ లెక్కలో పువ్వుకి తన పుప్పొడి తనకే అంటే అవకాశం తక్కువ. మూడు నాలుగు రోజుల్లో రేకులు రాలిపోతాయి. వేడి వల్ల వాసన బాగా వ్యాపిస్తుందా, లేక వెచ్చదనమే పురుగుకి కూలీయా అని అడిగితే, నా మొగ్గు రెండోదాని వైపు. చలికి పురుగు రెక్కల కండరాలు పనిచెయ్యవు. వెచ్చటి పువ్వులో పడుకున్న పురుగు పొద్దున్నే వెంటనే ఎగరగలదు.

దుద్దు అన్నాను కదా. చెవికి పెట్టుకునే దుద్దూ ఇదీ ఒకే మాట. సంస్కృతంలోనూ అంతే, కర్ణిక అంటే చెవి నగా, తామర దుద్దూ. పైనుంచి చూస్తే రాళ్ళు పొదిగిన కమ్మలాగే ఉంటుంది. ఎండిన దాన్ని ఊపుతాను, వినండి. గిలక్కాయ! ఒక్కో గుంటలో ఒక్కో గింజ, విడివిడిగా.

ఈ గింజ దగ్గర నేను ఒకసారి బాగా భంగపడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పిల్లలకి చూపిద్దామని ఓ గుప్పెడు తామర గింజలు తొట్టిలో వేశాను. వారం చూశాను. నెల చూశాను. రెండో నెల పిల్లలు అడగడం మానేశారు, మూడో నెల నేను తొట్టి వైపు చూడడం మానేశాను. గింజలన్నీ పుచ్చిపోయాయనుకుని పారబోస్తుంటే ఒకటి రాయి మీద పడి ఠంగుమంది. పగలగొట్టి చూద్దును కదా, లోపల ఎండుగా, తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంది! మూడు నెలలు నీళ్ళలో ఉన్న గింజ లోపల తడి చేరలేదు. పెంకు అంత గట్టిది. నీళ్ళూ గాలీ చొరవు. ఆకు నీటిని పైనుంచి జార్చేస్తుంది, గింజ అసలు లోపలికే రానివ్వదు. మొలవాలంటే ఆ పెంకు అరగాలి, లేదా మనం అరగదియ్యాలి.

అలా పెంకు బిగించుకుని గింజ ఎన్నాళ్ళు ఉండగలదు? 1920లలో ఇచిరో ఓగా అనే జపాను వృక్షశాస్త్రజ్ఞుడికి ఈశాన్య చైనాలో లియావోనింగ్ ప్రాంతంలో ఎండిపోయిన చెరువు అడుగు మట్టిలో తామర గింజలు దొరికాయి. పెంకు గీకి నీళ్ళలో వేస్తే మొలిచాయి. ఎంత పాతవో అప్పుడు తేల్చే పద్ధతి లేదు. అక్కడి గింజల్నే తరవాత అమెరికాలో జేన్ షెన్-మిల్లర్ బృందం మొలిపించి, కార్బన్ పరీక్ష చేసి 1995లో ప్రకటించింది. ఒక గింజ వయసు దాదాపు 1,300 ఏళ్ళు. అది మొలవడానికి పట్టింది నాలుగు రోజులు! అదే చోటి పాత గింజల్లోంచి వచ్చిన మొక్కలు కొన్ని పీలగా, వంకరగా పెరిగాయి. వందల ఏళ్ళు మట్టిలోని సహజ రేడియేషన్ తగిలి ఉండడమే కారణమని వాళ్ళు అన్నారు. అంటే పెంకు నీటిని ఆపింది, కాలాన్ని పూర్తిగా ఆపలేదు.

ఓగాగారి కథ అక్కడితో ఆగలేదు. 1951లో ఆయన జపానులోనే, చిబా దగ్గర తవ్వకాలు చేయించాడు. బడి పిల్లలు కూడా మట్టి జల్లించారు. దొరికినవి మూడే గింజలు, మొదటిది కనిపెట్టింది ఒక చిన్న ఆడపిల్ల. మూడిట్లో ఒకటి నిలిచి 1952 జులైలో పూసింది. రెండు వేల ఏళ్ళ తామర అని దానికి పేరు. నేను పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఒక చిన్న ముల్లు గుచ్చాలి. ఆ వయసు గింజని పరీక్షించి కట్టింది కాదు. ఆ తవ్వకాల చోటనే అంతకుముందు దొరికిన దోనె చెక్కని పరీక్షించి కట్టింది. చైనా గింజకి పరీక్ష గింజ మీదే జరిగింది. అందుకని నన్ను పందెం కాయమంటే 1,300 మీద కాస్తాను.

ఇంకొక్కటి. ఈ గింజని రెండుగా చీల్చాను, దగ్గరికి వచ్చి చూడండి తరవాత. చుట్టూ తెల్లటి పప్పు. నడుమ ఏముంది? ముదురు ఆకుపచ్చ మొలక! వంగి పడుకుని ఉంది. వెలుతురు సోకని పెంకులో, ఎండ మొహం ఎరగకుండా, అప్పటికే పచ్చగా. మొలిచి బురదలోంచి నీళ్ళలోకి వచ్చాక, ఆకు పైకి చేరేదాకా ఆగే తీరిక దీనికి లేదు. పచ్చదనం వెంట కట్టుకునే బయల్దేరుతుంది.

ఇప్పుడు గ్లాసు. ఈ గింజ పెంకుని ఐదు రోజుల కిందట ఆకురాయి మీద గీకాను, లోపలి తెలుపు కనపడేదాకా. అంతే, ఇంకేం చెయ్యలేదు. మూడు నెలలు మొండికేసిన గింజల జాతే. ఉబ్బింది, పెంకు చీలింది, నిన్న పొద్దున ఆ పచ్చటి తీగలాంటి మొలక బయటికి వచ్చింది. ఇవాళ చిటికెన వేలంత ఉంది. కొసన చూస్తే సూదిలా చుట్టుకున్న ఆకు ఉంటుంది. ఆ పక్కన ఇంకా వేరు లేదు, గమనించండి. ముందు ఆకు వస్తుంది, వేరు తర్వాత. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.

ఆ గ్లాసు ఇటు అందుకో చారల చొక్కా, నీ చేత్తోనే మొదలుపెడదాం. చూసి పక్కవాళ్ళకి ఇవ్వు. వంచకండి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి.